నడక చూసి జబ్బును పట్టుకున్నాడు

నెట్‌లో జేమ్స్ పార్కిన్సన్ అని కొట్టి చూడండి. గుబురు గడ్డంతో ఉన్న ఒకాయన ఫొటో వస్తుంది. కాలేజీ సెమినార్ల పీపీటీల్లోనూ, అవగాహన పోస్టర్లలోనూ అదే ఫొటో వాడేస్తుంటారు. అది ఆయనది కాదు. పార్కిన్సన్ చనిపోయింది 1824లో. అప్పటికి మనుషులను ఫొటో తీసే కెమెరా పుట్టనే లేదు. ఆ గడ్డం మనిషి తర్వాతి కాలంలో అదే పేరుతో బతికిన వేరే వ్యక్తి. అసలాయన ముఖం ఎలా ఉండేదో చూపించే నమ్మకమైన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. కుర్రతనంలో ఆయన్ని కలిసిన గిడియన్ మాంటెల్ అనే శిలాజ శాస్త్రవేత్త మాత్రం కాస్త పొట్టి మనిషని, ముఖంలో కళ ఉండేదని, మాటతీరు మర్యాదగా ఉండేదని రాసిపెట్టాడు.

ముఖం తెలియకపోయినా పేరు తెలియనివాళ్లు తక్కువ. పోటీ పరీక్షల్లో పార్కిన్సన్స్ వ్యాధి ఏ అవయవానికి వస్తుందని అడిగితే మెదడు దగ్గర టిక్ పెట్టేస్తాం. మన ఊళ్లలో దాన్ని వణుకుడు జబ్బు అంటారు, ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. అయితే ఆ పేరు వెనకున్న మనిషికి యూనివర్సిటీ డిగ్రీ లేదు. రాజుగారి హత్యకు కుట్ర జరిగిందన్న కేసులో ప్రధానమంత్రి ముందు నిలబడాల్సి వచ్చింది. బతికుండగా ఆయనకు పేరు తెచ్చింది వైద్యం కన్నా రాళ్లే. మనం గుర్తుపెట్టుకున్న ఆ చిన్న పుస్తకం 62 ఏళ్ల వయసులో రాశాడు.

ఏడేళ్ల అప్రెంటిస్

లండన్ నగరం అంచున హాక్స్టన్ అనే ప్రాంతంలో 1755 ఏప్రిల్ 11న పార్కిన్సన్ పుట్టాడు. హాక్స్టన్ స్క్వేర్‌లో ఒకటో నంబరు ఇల్లు. తండ్రి జాన్ పార్కిన్సన్ అక్కడే అపొతెకరీ, సర్జన్. అపొతెకరీ అంటే మందులు నూరి, కలిపి ఇచ్చేవాడు. పేదల ఇంటికొచ్చి చూసే డాక్టరు కూడా ఆయనే. ఇప్పటి భాషలో చెప్పాలంటే మెడికల్ షాపూ, ఆర్‌ఎంపీ క్లినిక్కూ కలిపి నడిపినట్టు.

ఆ రోజుల్లో ఇంగ్లండ్ వైద్యంలో పెద్ద నిచ్చెన ఉండేది. పైమెట్టు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదివిన ఫిజీషియన్లు. వాళ్ల కింద సర్జన్లు. అందరికన్నా కింద అపొతెకరీలు. పార్కిన్సన్ కింది మెట్టు మీదే మొదలయ్యాడు. తండ్రి దగ్గరే ఏడేళ్లు అప్రెంటిస్‌గా పనిచేశాడు. తర్వాత 1776లో లండన్ హాస్పిటల్‌లో ఆరు నెలలు డ్రెస్సర్‌గా, అంటే సర్జన్ల పక్కన ఉండి గాయాలు శుభ్రం చేసి కట్లు కట్టే విద్యార్థిగా చేరాడు. ఆస్పత్రి చదువు అంటే అంతే, ఆరు నెలలు.

మరుసటి ఏడాదే ఒక సంఘటన జరిగింది. ఉరేసుకున్న ఒక మనిషిని తండ్రీకొడుకులు కలిసి బతికించారు. నీళ్లలో మునిగినవాళ్లకు, ఊపిరి ఆగినవాళ్లకు మళ్లీ ప్రాణం పోయవచ్చని ప్రచారం చేస్తూ అప్పటికి కొత్తగా పుట్టిన హ్యూమేన్ సొసైటీ ఆయనకు వెండి పతకం ఇచ్చింది. అప్పటికి వయసు 22. 1784లో తండ్రి పోయాడు. అదే ఏడాది సర్జన్ల సంస్థ పరీక్ష పాసై ప్రాక్టీసు మొత్తం తలకెత్తుకున్నాడు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఇల్లుంది, ప్రాక్టీసుంది, పెళ్లయింది. ఆయన మాత్రం 30 ఏళ్ల వయసులో మళ్లీ క్లాసులకు వెళ్లాడు. అప్పట్లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ లెక్చర్లకు పెద్ద పేరు. 1785లో పార్కిన్సన్ ఆ కోర్సు మొత్తం కూర్చుని విన్నాడు. షార్ట్‌హ్యాండ్‌లో మాట పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఇంటికొచ్చి శుభ్రంగా తిరగరాశాడు. ఆ నోట్సు విలువ ఎంతో ముందుముందు తెలిసింది. హంటర్ చనిపోయాక ఆయన రాతప్రతులను ఆయన బావమరిది ఎవరార్డ్ హోమ్ 1823లో తగలబెట్టేశాడు. పార్కిన్సన్ రాసుకున్న నోట్సు మాత్రం భద్రంగా ఉంది. దాన్ని ఆయన కొడుకు 1833లో పుస్తకంగా వేశాడు. హంటర్ క్లాసులో ఏం చెప్పేవాడో ఇవాళ తెలుసుకోవాలంటే మిగిలిన దారుల్లో అదొకటి. నోట్సు ఎవరో ఒకరి దగ్గర జిరాక్స్ తీసుకోవచ్చులే అనుకునేవాళ్లు ఇది కాస్త గుర్తుపెట్టుకోవాలి.

షార్ట్‌హ్యాండ్ మీద ఆయనకున్న నమ్మకం చిన్నది కాదు. 1800లో వైద్యం చదవాలనుకునే కుర్రాళ్ల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం నాలుగు ఉత్తరాల రూపంలో ‘ది హాస్పిటల్ ప్యూపిల్’ అనే పుస్తకం రాశాడు. ఒక రకంగా అది కెరియర్ గైడెన్స్ పుస్తకమే. లాటిన్, గ్రీకు, భౌతిక శాస్త్రంతో పాటు షార్ట్‌హ్యాండ్ కూడా వైద్య విద్యార్థికి ఉండాల్సిన పనిముట్టని అందులో వాదించాడు. తాను నడిచొచ్చిన ఏడేళ్ల అప్రెంటిస్ పద్ధతినే అందులో గట్టిగా విమర్శించాడు. కుర్రాడి విలువైన ఏళ్లన్నీ మందులు కలపడంతోనే కరిగిపోతున్నాయని, రోగిని చూడటం నేర్చుకునే సమయానికి గడువు అయిపోతోందని ఆయన బాధ. ఇంటర్న్‌షిప్ పేరుతో ఆరు నెలలు ఎక్సెల్ షీట్లు నింపినవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

ప్రధాని ముందు సాక్ష్యం

1789లో ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది. ఆ గాలి ఇంగ్లండ్‌కూ తగిలింది. అక్కడ ఓటు హక్కు కొద్దిమందికే ఉండేది. కూలీలు, చేతివృత్తులవాళ్లు కలిసి ఓటు కోసం లండన్ కరస్పాండింగ్ సొసైటీ పెట్టుకున్నారు. దాన్ని మొదలుపెట్టిన థామస్ హార్డీ చెప్పులు కుట్టేవాడు. పార్కిన్సన్ అందులో చేరాడు. పగలు రోగులను చూడటం, రాత్రి కరపత్రాలు రాయడం. కలం పేరు ‘ఓల్డ్ హ్యూబర్ట్’. ఎడ్మండ్ బర్క్ అనే రాజకీయవేత్త సామాన్య జనాన్ని పందులతో పోల్చాడని దుమారం రేగితే, ఆ పందుల తరఫునే ఎగతాళిగా జవాబులు రాశాడు. జైల్లో పడ్డవాళ్ల భార్యాపిల్లలకు ఆసరా కోసం ఒక పెన్నీకి అమ్మిన కరపత్రమూ అందులో ఉంది.

1794 నాటికి ప్రభుత్వం భయపడిపోయింది. విచారణ లేకుండానే జైల్లో ఉంచేందుకు వీలుగా చట్టాన్ని సస్పెండ్ చేసింది. హార్డీని రాజద్రోహం కింద అరెస్టు చేశారు. రాజద్రోహం రుజువైతే శిక్ష మరణమే. ఆ వేడిలోనే ఇంకో కేసు బయటికొచ్చింది. మూడో జార్జి రాజు నాటకం చూస్తుండగా బొమ్మ తుపాకీ లాంటి గొట్టంతో విషపు బాణం వేసి చంపాలని సొసైటీ సభ్యులు కొందరు పథకం వేశారట. పత్రికలు దానికి పాప్‌గన్ ప్లాట్ అని పేరు పెట్టాయి.

అరెస్టయినవాళ్లలో పార్కిన్సన్‌కు తెలిసినవాళ్లున్నారు. అక్టోబరులో ఆయన ప్రివీ కౌన్సిల్ ముందుకు వెళ్లాడు. ఎదురుగా ప్రధానమంత్రి విలియం పిట్. ప్రమాణం చేయించి ప్రశ్నలు మొదలుపెట్టారు. తనను తాను ఇరికించుకునే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పనిలేదని హామీ ఇస్తేనే మాట్లాడతానని పార్కిన్సన్ పట్టుబట్టాడు. ఓల్డ్ హ్యూబర్ట్ తానేనని మాత్రం దాచకుండా ఒప్పుకున్నాడు. ఇంట్లో భార్య, చిన్నపిల్లలు ఉన్న మనిషి ఇది. ప్రాక్టీసు పోవడమే కాదు, ప్రాణం పోయే అవకాశమూ ఉన్న రోజులవి. చివరికి ఆయన మీద కేసు పెట్టలేదు. కుట్ర కేసు కూడా కోర్టులో నిలబడలేదు. హార్డీని జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది.

ఆ తర్వాత ఆయన కరపత్రాలు తగ్గాయి. పేదల మీద పట్టింపు మాత్రం పోలేదు. ఫ్యాక్టరీలకు, యజమానుల దగ్గరకు పనికి పంపే అనాథ పిల్లల పరిస్థితిని ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలని వాదించాడు. డాక్టరు దొరకని పల్లెటూళ్ల కోసం, మామూలు కుటుంబాల కోసం ఆరోగ్య పుస్తకాలు రాశాడు. షోర్‌డిచ్ చర్చి పరిధిలోని పేదల వైద్యుడిగా పనిచేస్తూ, వర్క్‌హౌస్‌లో జ్వరాల రోగులకు విడిగా వార్డు ఉండేలా చూశాడు. అంటుజ్వరం వచ్చినవాళ్లను మిగతావాళ్ల పక్కనే పడుకోబెట్టే కాలంలో అది చిన్న సంగతేం కాదు. 1812లో కొడుకుతో కలిసి ఒక బాలుడి అపెండిక్స్ పగిలిన కేసును ప్రచురించాడు. ఇంగ్లిష్‌లో ఆ జబ్బు గురించి వచ్చిన తొలి వివరణల్లో అదొకటి.

రాళ్ల పిచ్చి

సమయం ఎక్కడ దొరికేదో గానీ, ఆయనకు శిలాజాల పిచ్చి కూడా ఉండేది. గవ్వలు, నత్తలు, ఎముకలు రాయిగా మారినవాటిని కొని, వెతికి, ఇల్లంతా మ్యూజియం చేశాడు. 1804 నుంచి 1811 మధ్య మూడు పెద్ద సంపుటాలుగా ‘ఆర్గానిక్ రిమైన్స్ ఆఫ్ ఎ ఫార్మర్ వరల్డ్’ వేశాడు. రంగుల బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం శిలాజాలను ఇంగ్లిష్ పాఠకులకు దగ్గర చేసింది. 1807 నవంబరు 13న లండన్‌లోని ఫ్రీమాసన్స్ టావెర్న్‌లో కొందరు కలిసి జియలాజికల్ సొసైటీని స్థాపించారు. రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ వాళ్లలో ఒకడు. మన అపొతెకరీ ఇంకొకడు. ఒక రకం అమ్మోనైట్ శిలాజానికి పార్కిన్సోనియా అని ఆయన పేరే పెట్టారు.

ఈ హాబీని ఊరికే చెప్పడం లేదు. ముక్కలుగా దొరికిన ఎముకల నుంచి పూర్తి జంతువును ఊహించాలంటే తేడాలు పట్టే కన్ను కావాలి. రెండు గవ్వలు ఒకేలా కనిపిస్తున్నా అవి ఒకే జాతివి కాకపోవచ్చు. రోగుల దగ్గర కూడా ఆయన చేసింది ఇలాంటి పనేనని నాకు అనిపిస్తుంది.

ఆరుగురు మనుషులు, 66 పేజీలు

1817లో ‘యాన్ ఎస్సే ఆన్ ది షేకింగ్ పాల్సీ’ వచ్చింది. వణుకుతో వచ్చే పక్షవాతం మీద వ్యాసం అని అర్థం. మొత్తం 66 పేజీలు. అందులో ఉన్నది ఆరుగురి కథ. ఆ ఆరుగురిలో అందరూ ఆయన పేషెంట్లు కూడా కాదు.

మొదటివాడు 50 దాటిన తోటమాలి. రెండోవాడు, మూడోవాడు వీధిలో తారసపడ్డవాళ్లు. ఒకాయన 62 ఏళ్ల మనిషి, మేజిస్ట్రేట్ ఆఫీసులో అటెండర్‌గా పనిచేశాడు. ఇంకొకాయన దాదాపు 65 ఏళ్ల మాజీ నావికుడు. స్పెయిన్ జైల్లో నెలల తరబడి తడినేల మీద పడుకోవడం వల్లే ఈ జబ్బు వచ్చిందని అతడి నమ్మకం. పార్కిన్సన్ వాళ్లను ఆపి, పలకరించి, ఎప్పుడు మొదలైంది, ఏ చేయి ముందు వణికింది అని అడిగి తెలుసుకున్నాడు. నాలుగోవాడు చాతీ దగ్గర గడ్డతో వైద్యానికి వచ్చాడు, చూస్తే చేతులు వణుకుతున్నాయి. ఐదో మనిషిని దూరం నుంచి చూశాడంతే, మాట్లాడే వీలు దొరకలేదు. ఆ మనిషి నడవాలంటే ఒక సహాయకుడు ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకోవాలి. ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగి నిలదొక్కుకున్నాక ఆయన పరుగులాంటి నడక అందుకుంటాడు. పడిపోకుండా పట్టుకోవడానికి సహాయకుడు ఆయన ముందు నుంచి తప్పుకుని ముందుకు పరుగెత్తాలి.

ఆరో ఆయన 72 ఏళ్ల పెద్దమనిషి. ఆయన దగ్గర పార్కిన్సన్‌కు ఒక విచిత్రం కనిపించింది. ఏళ్లుగా వణుకుతున్న ఆయనకు కుడివైపు పక్షవాతం వచ్చింది. చచ్చుబడ్డ చేతిలో వణుకు ఆగిపోయింది. సుమారు రెండు వారాలకు బలం తిరిగొచ్చింది. దాంతో పాటే వణుకూ తిరిగొచ్చింది.

ఈ ఆరుగురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరుస కనిపించింది. మొదట ఒక చేయి. ఏడాదో, ఇంకొంచెం ఎక్కువో గడిచాక రెండోవైపు. తర్వాత నడుము ముందుకు వంగుతుంది. అడుగులు చిన్నవై, నడక పరుగులా మారుతుంది. రాయడం కష్టం, చెంచా నోటిదాకా తీసుకెళ్లడం కష్టం. మలబద్ధకం. మాట అర్థం కాదు. చొంగ కారుతుంది. చివర్లో నిద్రలో కూడా వణుకు లేపేస్తుంది. ఎక్స్‌రే, స్కాన్ లేని కాలంలో, చాలావరకు ముట్టుకోకుండానే రాసిన వివరణ ఇది. నేటి న్యూరాలజిస్టు చదివినా పేషెంటు కళ్లముందు కనిపిస్తాడు.

తప్పులూ ఉన్నాయి. బుద్ధికి ఏమీ కాదన్నాడు. చాలామందిలో ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతింటాయని ఇప్పుడు తెలుసు. మూలం మెడ దగ్గర వెన్నుపాములో ఉందని ఊహించాడు, అది కూడా తప్పే. కండరాలు బిగుసుకుపోవడాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే వాళ్లలో చాలామందిని పరీక్షించే అవకాశమే ఆయనకు రాలేదు. వైద్యంగా మెడ వెనక రక్తం తీయమన్నాడు. అది ఆ కాలపు అలవాటు. జబ్బు స్వభావం తెలిసేదాకా కడుపులోకి మందులివ్వడం సరికాదని మాత్రం నిజాయితీగా చెప్పాడు. శవ పరీక్ష ఒక్కటీ చేయకుండా ఊహలు రాస్తున్నందుకు ముందుమాటలోనే మన్నింపు కోరాడు. శరీరం కోసి చూసేవాళ్లు ఈ జబ్బు మీద దృష్టి పెట్టాలని, రోగులకు ఊరట అప్పుడే దొరుకుతుందని ఆయన ఆశ.

అన్ని వణుకులూ ఒకటి కాదు

ఆ పుస్తకంలో ఎక్కువమంది దాటేసే సంగతి ఒకటుంది. మద్యం తాగేవాళ్ల వణుకు వేరు, టీ కాఫీలు మితిమీరి తాగినవాళ్ల వణుకు వేరు, ముసలితనపు వణుకు వేరు, తాను చెబుతున్నది వేరు అని ఆయన గీత గీశాడు. ఆయన చెప్పిన వణుకు, చేతిని ఒడిలో ఊరికే పెట్టుకున్నప్పుడు కూడా వస్తుంది. ఇవాళ్టికీ డాక్టరు మొదట చూసేది అదే. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మాత్ర చుడుతున్నట్టు ఉంటుంది. దానికి పిల్ రోలింగ్ అని పేరు. చేత్తో మాత్రలు చుట్టే అపొతెకరీల పని నుంచే ఆ మాట వచ్చింది.

ఇది మీకెందుకంటే, ఇంటర్వ్యూ గదిలో నీళ్ల గ్లాసు పట్టుకుంటే చేయి వణికిందని భయపడి నెట్‌లో వెతికి, నేరుగా పార్కిన్సన్స్ దగ్గర తేలేవాళ్లు ఉన్నారు. ప్రతి మనిషి చేతిలోనూ కంటికి కనిపించనంత సన్నని వణుకు ఎప్పుడూ ఉంటుంది. టెన్షన్‌లో అడ్రినలిన్ పెరిగితే అది పైకి కనిపిస్తుంది. రాత్రంతా నిద్ర లేకుండా చదివి, పొద్దున ఏమీ తినకుండా రెండు స్ట్రాంగ్ కాఫీలు కొట్టి వెళితే ఇంకా బాగా కనిపిస్తుంది. ఇడ్లీయో ఉప్మాయో తిని, కాఫీ తగ్గించి వెళ్తే చాలావరకు కుదుటపడుతుంది. సీనియర్ ఎవరో చెప్పారని ప్రొప్రనలాల్ మాత్ర కొని వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

చెయ్యి చాచినప్పుడు, కప్పు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు వణికి, ఒడిలో పెట్టుకుంటే ఆగిపోతుంటే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. ఇంట్లో అమ్మకో తాతయ్యకో కూడా ఉంటుంది చాలాసార్లు. బరువు తగ్గుతూ, గుండె దడదడలాడుతూ, చెమటలు పడుతూ సన్నగా వణికితే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి, ఒక రక్తపరీక్షతో తేలుతుంది. ఉబ్బసానికి వాడే సాల్‌బ్యుటమాల్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, లిథియం లాంటి మందులు కూడా వణుకు తెస్తాయి. అలాగని మందు మీ అంతట మీరు ఆపేయకూడదు. ఫిట్స్ మాత్ర సడన్‌గా ఆపితే ఇంకా ప్రమాదం.

కుర్రవయసులో మరీ జాగ్రత్తగా చూడాల్సింది విల్సన్స్ వ్యాధి. ఒంట్లో రాగి బయటకు పోకుండా కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుపోతుంది. వణుకు, మాట ముద్దగా రావడం, చేతిరాత పాడవడం, ప్రవర్తన మారడం, కొందరిలో అంతకుముందే కామెర్లు. దీన్ని టెన్షన్ అనో, చదువు ఒత్తిడి అనో కొట్టిపారేస్తే ఏళ్లు పోతాయి. తొందరగా పడితే మందులతో అదుపులో ఉంటుంది, వదిలేస్తే ప్రాణాంతకం. అందుకే ఇంటర్వ్యూ రోజు వణికితే కంగారు అక్కర్లేదు గానీ, మామూలు రోజుల్లో కూడా వారాల తరబడి వణుకుంటే, ఒకవైపే ఉంటే, రాత మారుతుంటే ఫిజీషియన్‌ను కలవాలి.

పతకం రాళ్లకు, పేరు జబ్బుకు

1817 తర్వాత ఆ పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1823లో సర్జన్ల రాయల్ కాలేజీ ఆయనకు గౌరవ బంగారు పతకం ఇచ్చింది, అందుకు ముఖ్య కారణం శిలాజాల పుస్తకం. 1824 డిసెంబరు 21న పార్కిన్సన్ చనిపోయాడు. పుట్టినప్పుడు నామకరణం, పెళ్లి జరిగిన సెయింట్ లియోనార్డ్స్ చర్చి ఆవరణలోనే సమాధి చేశారు. శిలాజాలు వేలంలో చెల్లాచెదురయ్యాయి.

సుమారు 50 ఏళ్ల తర్వాత పారిస్‌లో జ్యాఁ మార్టిన్ శార్కో అనే న్యూరాలజిస్టు ఆ వ్యాసాన్ని వెలికితీశాడు. ఈ రోగుల్లో బలం నిజంగా పోవడం లేదు, కొందరికి వణుకే లేదు, కాబట్టి వణుకు పక్షవాతం అన్న పేరు తప్పన్నాడు. పార్కిన్సన్ వ్యాధి అన్న పేరు అలా నిలబడింది. కండరాల బిగుతును, కదలికల మందగమనాన్ని జబ్బు లెక్కలో చేర్చింది కూడా శార్కోయే. ఆ మనిషి ఎవరు, ఎలా బతికాడు అన్న సంగతి మాత్రం ఇంగ్లండ్ మర్చిపోయింది. 1912లో రౌన్‌ట్రీ అనే అమెరికన్ డాక్టరు ఆయన జీవితం గురించి రాశాకే మళ్లీ అందరి దృష్టి పడింది.

పార్కిన్సన్ కోరిన శవ పరీక్ష ఫలితం 1919లో వచ్చింది. మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి భాగంలో కణాలు చచ్చిపోతున్నాయని ట్రెటియాకోఫ్ చూపించాడు. ఆ కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఇక్కడి నుంచి కథలో మన మొక్కలు రెండు కనిపిస్తాయి. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు ఇస్తే అవి కదలకుండా బిగుసుకుపోయాయి. లెవోడోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ లెవోడోపా సహజంగా ఎక్కువగా దొరికే గింజల్లో మన దూలగొండి ఒకటి, అదే ఒంటికి తగిలితే దురద పెట్టే తీగ. దాని గింజల నుంచి లెవోడోపాను వేరుచేసినట్టు 1937లోనే మద్రాసు పరిశోధకులు ప్రచురించారు. అయితే గింజలో మోతాదు ఎంతుందో ఇంట్లో కొలవలేం, మాత్రలు వాడుతూ పైన పొడి కూడా తింటే మోతాదు లెక్క తప్పుతుంది.

1961లో వియన్నాలో హోర్నికీవిచ్, బిర్క్‌మేయర్ లెవోడోపాను రోగులకు ఇంజక్షన్‌గా ఇచ్చారు. మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు, కొన్ని గంటలపాటు. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ మోతాదును మెల్లగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చే పద్ధతి చూపించాక అది రోజువారీ మందైంది. ఇప్పటికీ ప్రధానమైన మందు అదే. లోపల కణాలు చావడాన్ని అది ఆపదు. కొన్నేళ్లకు ఒక్కో మాత్ర పనిచేసే సమయం తగ్గుతుంది, కొందరిలో ఒళ్లు మెలికలు తిరిగే కదలికలు మొదలవుతాయి. అలాంటి కొందరికి మెదడులో ఎలక్ట్రోడు అమర్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ చేస్తారు.

ఈ రంగంలోకి రావాలంటే ఎంబీబీఎస్, జనరల్ మెడిసిన్‌లో గానీ పీడియాట్రిక్స్‌లో గానీ ఎండీ, ఆపైన మూడేళ్ల డీఎం న్యూరాలజీ అనే పొడవాటి దారి ఒకటుంది. కానీ పార్కిన్సన్స్ రోగి రోజు గడవడానికి కావాల్సినవాళ్లు ఇంకా చాలామంది. అడుగు పడక గుమ్మం దగ్గర ఆగిపోయినప్పుడు నేల మీద గీత దాటించి, లెక్కపెట్టి నడిపించేది బీపీటీ చదివిన ఫిజియోథెరపిస్టు. గొంతు సన్నబడి మాట వినిపించకపోతే, మింగుడు పడకపోతే చూసేది బీఏఎస్‌ఎల్‌పీ చేసిన స్పీచ్ థెరపిస్టు. చొక్కా బొత్తాలు, చెంచా, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ సంగతి ఆక్యుపేషనల్ థెరపిస్టు చూసుకుంటారు. ఆ ఐదో మనిషి పడిపోకుండా ముందుకు పరుగెత్తిన సహాయకుడు చేసిన పని ఇవాళ వీళ్లందరూ పంచుకుంటున్నారు.